డయాలసిస్‌లో ఉన్న బాపుకు గుండె వాల్వ్‌లో కాల్షియం పేరుకుందట, ఎంత భయపడాలి?

పరకాల పిల్ల:

అందరికీ నమస్తే. మా బాపు గురించి అడగాలి, కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి.

బాపుకు 58 ఏళ్లు. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిని నాలుగేళ్లుగా హన్మకొండలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు, ఆరోగ్యశ్రీ కింద, వారానికి రెండుసార్లు. ఇన్నాళ్లు బాగానే నెట్టుకొచ్చాడు. ఈ మధ్య మూడో గంట దాటగానే బీపీ పడిపోతోంది, చెమటలు పట్టి కళ్లు తేలేస్తున్నాడు. వాళ్లు కాళ్లు పైకెత్తి, సెలైన్ ఎక్కించి, అరగంట ముందే మెషిన్ నుంచి తీసేస్తున్నారు. ఇట్ల నాలుగైదుసార్లు అయ్యాక టూడీ ఎకో (గుండె స్కాన్) చేయించమన్నారు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: అయోర్టిక్ వాల్వ్ కాల్సిఫైడ్, మోడరేట్ ఏఎస్ (వాల్వ్ సన్నబడటం, మధ్యస్థం), మీన్ గ్రేడియెంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా) 24, వాల్వ్ ఏరియా 1.3. మైట్రల్ యాన్యులర్ కాల్సిఫికేషన్ (ఇంకో వాల్వ్ చుట్టూ కాల్షియం). ఎల్‌వీ హైపర్‌ట్రోఫీ, ఈఎఫ్ 55. రక్త పరీక్షల్లో ఫాస్ఫరస్ 7.1, కాల్షియం 10.2, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 310.

డాక్టర్ గారికి చూపిస్తే "వాల్వ్ మీద కాల్షియం పేరుకుంది, డయాలసిస్ వాళ్లలో ఇది మామూలే, చూద్దాం" అన్నారు. అంతే. బయట ఉన్న లైన్ చూశాక ఇంకేం అడగలేకపోయాను. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే వాల్వ్‌లో కాల్షియం ఉన్న కిడ్నీ పేషెంట్లు తక్కువ కాలం బతుకుతారని కనిపించింది, అప్పటి నుంచి నిద్ర లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. తమ్ముడేమో కాల్షియం మాత్రలు వేసుకుంటేనే ఇది వచ్చింది, వెంటనే ఆపేద్దాం అంటున్నాడు. ఆ మాత్ర రోజూ రాత్రి పడుకునే ముందు ఒకటి వేస్తాం. వారానికోసారి విటమిన్ డి కూడా ఉంది.

నిజంగా ప్రాణానికి అంత ముప్పా? ఈ కాల్షియం కరుగుతుందా? ఆపరేషన్ చేయాలా? మాకు చేతనైంది ఏమన్నా ఉందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట టెక్నీషియన్:

చెల్లె, నేను డయాలసిస్ యూనిట్‌లో పని చేస్తా. వాల్వ్ సంగతి డాక్టర్లు చెప్పాలి, బీపీ పడటం గురించి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే రోజూ కళ్ల ముందు జరిగేదే.

మీ బాపు సెషన్‌కు సెషన్‌కు మధ్య ఎన్ని కిలోలు పెరుగుతున్నాడో రాయలేదు. అదే అసలు విషయం. వాల్వ్ సన్నబడినవాళ్లకు గుండె ఒక్కసారిగా ఎక్కువ రక్తం తోయలేదు. మెషిన్ ఒంట్లో నుంచి నీరు లాగుతున్నప్పుడు మామూలు గుండె అయితే వేగం పెంచి సర్దుకుంటుంది, ఇట్లాంటి గుండెకు ఆ వీలు తక్కువ, అందుకే మూడో గంటకు పడిపోతుంది. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ నీరు తీయొద్దని మేం లెక్క చూస్తాం. మనిషి 60 కిలోలుంటే గంటకు 780, నాలుగు గంటలకు మూడు లీటర్ల పైన కొంచెం. నాలుగున్నర, ఐదు కిలోలు పెరిగి వస్తే ఆ లెక్కలో ఎట్లా తీస్తాం? తీస్తే బీపీ పోతుంది, తీయకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి రాత్రి ఆయాసం. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. మూడోసారి కోసం డాక్టర్‌తో రాయించి, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి మాట్లాడండి.

నీళ్లు తగ్గించమని అందరూ అంటారు గానీ ఉప్పు తగ్గకుండా నీళ్లు తగ్గవు. మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఎండు చేపలు తిన్నాక దాహం ఆపుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచా, కూరలో పడేదంతా కలిపే. ఇంకొకటి, డయాలసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర వేసుకొని వస్తున్నాడా? వేయాలా వద్దా, వేస్తే ఏ టైముకు అని డాక్టర్‌ను అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. మెషిన్ మీద ఉండగా కడుపునిండా టిఫిన్ పెట్టకండి, తిన్నాక రక్తం పేగులకు మళ్లి బీపీ ఇంకా దిగుతుంది. డయాలిసేట్ (మెషిన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం) వేడి కొంచెం తగ్గిస్తే, అంటే 36 డిగ్రీలకు తెస్తే, చాలామందికి నిలబడుతుంది, డ్యూటీలో ఉన్నవాళ్లను అడగొచ్చు, అందులో తప్పేం లేదు.

ఎకో ఏ రోజు తీయించారు? ఒంట్లో నీరు నిండా ఉన్నప్పుడు తీస్తే కొలతలు సరిగ్గా రావు. ఈసారి డయాలసిస్ అయిన మర్నాడు తీయించండి.

నర్సంపేట అన్న:

తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది నాకు. కాల్షియం పేరుకుంటే కాల్షియం మాత్ర ఎందుకు, ఆపేయండి, పాలు పెరుగు కూడా బంద్ చేయండి. మా దగ్గర ఒకాయన భస్మం ఇస్తాడు, రాళ్లు కూడా కరుగుతాయంటారు, కావాలంటే అడ్రస్ పంపుతా.

హన్మకొండ నెఫ్రాలజీ డాక్టర్:

అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ భస్మం దగ్గర మాత్రం ఆగండి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు ఉంటాయి, పని చేయని కిడ్నీ వాటిని బయటికి పంపలేదు, డయాలసిస్ కూడా సరిగ్గా తీయలేదు. వాల్వ్ మీద గట్టిపడ్డ కాల్షియాన్ని కరిగించే మందు ఇప్పటిదాకా ఏ వైద్యంలోనూ నిరూపణ కాలేదు. మామూలుగా కిడ్నీ బాగున్నవాళ్లలో కొలెస్ట్రాల్ మాత్రలతో ఇది నెమ్మదిస్తుందేమో అని పెద్ద ట్రయల్స్ చేశారు, 2008లో వచ్చిన సీస్ ట్రయల్‌లో కూడా వాల్వ్ సన్నబడటం ఆగలేదు. (ఆ మాట విని షుగర్ పేషెంట్లు స్టాటిన్ ఆపేయకండి, అది గుండె రక్తనాళాల కోసం ఇచ్చేది.)

ఇప్పుడు పాపా, నీ ప్రశ్నకు వస్తాను. దాచకుండా చెప్తాను, ఎందుకంటే సగం తెలిస్తేనే భయం ఎక్కువ.

నువ్వు చదివింది అబద్ధం కాదు. 2003లో హాంకాంగ్ డాక్టర్లు పొట్ట డయాలసిస్ మీద ఉన్న 192 మందిని గమనించి ప్రచురించారు. వాల్వ్‌లో కాల్షియం లేనివాళ్లలో ఏడాది తర్వాత 93 శాతం మంది బతికున్నారు, ఉన్నవాళ్లలో 70 శాతం. వయసు, షుగర్, ఒంట్లో వాపు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. దీన్ని చిన్న విషయం అనను. కానీ రెండు సంగతులు చూడు. కాల్షియం ఉన్నవాళ్లలో కూడా పదిమందిలో ఏడుగురు ఏడాది దాటారు. రెండోది, ఆ లెక్క ఒక గుంపుది, మీ బాపుది కాదు. ఆ గుంపులో గుండె పూర్తిగా బలహీనపడ్డవాళ్లూ ఉండొచ్చు, మీ బాపు ఈఎఫ్ 55, అంటే గుండె కొట్టే బలం బాగానే ఉంది. డయాలసిస్ పేషెంట్ల మరణాల్లో సగానికి దగ్గరగా గుండె, రక్తనాళాల వల్లే జరుగుతాయి. వాల్వ్ మీద కనిపించే కాల్షియం చాలాసార్లు రక్తనాళాల్లో కూడా అదే జరుగుతోందని చెప్పే గుర్తు. వాల్వ్ ఒక్కటే ప్రాణం తీస్తుందని అనుకోకు, ఈ మనిషి గుండెను ఇంకా జాగ్రత్తగా చూడాలని అది చెప్తోంది. కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 2009 నుంచి అదే చెప్తున్నాయి, ఎకోలో వాల్వ్ కాల్షియం కనిపించిన పేషెంట్‌ను గుండె ముప్పు అత్యధికంగా ఉన్నవాడిగా లెక్కపెట్టాలని.

ఇది ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయాలో నీకే అర్థమవుతుంది. కిడ్నీ పోయాక ఫాస్ఫరస్ బయటికి పోదు. రక్తంలో అది ఎక్కువైనకొద్దీ వాల్వ్‌లోని, రక్తనాళాల గోడల్లోని కణాలు తమ పని మరిచి ఎముక కణాల్లా మారిపోతాయి, అక్కడ నిజంగా ఎముకలాంటి పదార్థం తయారవుతుంది. దాన్ని ఆపడానికి మన ఒంట్లో ఫెటుయిన్ లాంటి కాపలా ప్రోటీన్లు ఉంటాయి, కిడ్నీ జబ్బులో అవి కూడా తగ్గుతాయి. కాబట్టి కాల్షియం పేరుకుందన్న మాట వినగానే కాల్షియం మీద పడతాం గానీ అసలు దొంగ చాలావరకు ఫాస్ఫరసే. మీ బాపుకు 7.1 ఉంది, మామూలు 2.5 నుంచి 4.5. దాన్ని మామూలుకు దగ్గరగా దించాలి. కాల్షియం 10.2 కూడా నాకు నచ్చలేదు. పీటీహెచ్ 310 డయాలసిస్ మనిషికి పర్వాలేదు.

కాల్షియం మాత్ర ఆపాలా అంటే, ఆ మాత్ర ఎందుకు రాశారో ముందు చూడాలి. అన్నంతో పాటు వేసుకుంటే అది తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకొని విరేచనంలో బయటికి తీసుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు ఖాళీ కడుపున వేసుకుంటే ఫాస్ఫరస్‌ను పట్టేది ఏమీ ఉండదు, కాల్షియం మాత్రం రక్తంలోకి చేరుతుంది. అంటే ఇప్పుడు వేస్తున్న పద్ధతిలో లాభం తక్కువ, నష్టం ఎక్కువ. మీ డాక్టర్‌ను కలిసి "కాల్షియం 10.2 ఉంది కదా, దీని బదులు సెవెలమర్ లాంటి కాల్షియం లేని మాత్ర రాస్తారా, విటమిన్ డి ఇప్పుడు అవసరమా" అని ఈ రెండు మాటలు అడుగు. 2017లో కేడిగో సవరించినప్పుడు కాల్షియం ఉన్న బైండర్ల (ఫాస్ఫరస్‌ను పట్టే మాత్రల) మోతాదును పరిమితం చేయమని స్పష్టంగానే చెప్పింది. డయాలిసేట్‌లో కాల్షియం ఎంత వాడుతున్నారో కూడా అడగొచ్చు.

ఇక తిండి. పాలు పెరుగు పూర్తిగా బంద్ చేయక్కర్లేదు, తగ్గించాలి. పప్పులు, పల్లీలు, నువ్వుల్లో ఉన్న ఫాస్ఫరస్ సగం కూడా ఒంటికి పట్టదు, కాబట్టి సంక్రాంతికి రెండు సకినాలు, ఒక సర్వపిండి ముక్క తిన్నాడని మనిషిని తిట్టకండి. (సకినాల్లో ఉప్పు చూడండి.) మాంసంలో సగం దాకా పడుతుంది, కార్జం, తలకాయ కూర, ఎండు చేపలు మాత్రం బాగా తగ్గించాలి. మాంసం ముందు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే కొంత పోతుంది. అన్నిటికంటే చెడ్డవి నల్లటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే ప్రాసెస్డ్ తిండి. వాటిలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. ప్రోటీన్ మాత్రం తగ్గించకండి, డయాలసిస్ మనిషి చిక్కిపోతే అది ఇంకో ప్రమాదం. గుడ్డు తెల్లసొన మంచిది, ప్రోటీన్ ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ.

తిండి ఒక్కదాంతో అయిపోదు, ఈ లెక్క చూడు. రోజుకు గ్రాము దాకా ఫాస్ఫరస్ తింటాం, అందులో 60 శాతం ఒంటికి పడిందనుకుంటే వారానికి 4 గ్రాముల పైమాటే. నాలుగు గంటల డయాలసిస్ ఒకసారికి 0.8 నుంచి 1 గ్రాము తీస్తుంది. వారానికి రెండుసార్లు, అదీ అరగంట ముందే తీసేస్తే? మిగిలింది ఎక్కడికి పోతుంది? ఫాస్ఫరస్ కణాల లోపలి నుంచి నెమ్మదిగా బయటికొస్తుంది కాబట్టి టైము తగ్గితే దానికే ఎక్కువ నష్టం. పైన టెక్నీషియన్ తమ్ముడు మూడోసారి గురించి చెప్పింది బీపీ కోసమే కాదు, దీని కోసం కూడా.

ఆపరేషన్ ఇప్పుడే కాదు. మంచి అయోర్టిక్ వాల్వ్ 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది, 1 కంటే తగ్గితే, మీన్ గ్రేడియెంట్ 40 దాటితే సివియర్ అంటాం. మీ బాపుది 1.3, 24. మధ్యలో ఉంది. మామూలు మనుషుల్లో ఏడాదికి 0.1 దాకా సన్నబడుతుంది, డయాలసిస్ వాళ్లలో దాదాపు రెట్టింపు వేగం, కాబట్టి ఎకో ఆరు నెలలకోసారి చేయించండి. ఈలోపు నడుస్తుంటే కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, ఈ మూడింట్లో ఏది వచ్చినా ఆరు నెలలు ఆగొద్దు, గుండె డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లండి. మెడలో గానీ తొడలో గానీ డయాలసిస్ గొట్టం (క్యాథెటర్) ఉంటే, చలిజ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకండి. గరుకుబారిన వాల్వ్ మీద క్రిములు సులువుగా కూర్చుంటాయి, యాంటిబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ పంపాలి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) ఉంటే ఆ భయం చాలా తక్కువ.

మహబూబాబాద్ అక్క:

చెల్లె, మా ఆయన కూడా డయాలసిస్ మనిషే, ఆయనకు రెండేళ్ల కింద వాల్వ్ మార్చారు హైదరాబాద్‌లో. సివియర్ అయ్యాక, రెండుసార్లు స్పృహ తప్పాక చేశారు. ఛాతీ తెరిచే చేశారు. తొడ రక్తనాళంలో నుంచి వాల్వ్ ఎక్కించే పద్ధతి కూడా ఉందని చెప్పారు గానీ ఖర్చు మా వల్ల కాలేదు. మా దగ్గర అప్పుడు పెద్ద చర్చ ఏమిటంటే లోహం వాల్వా, జంతువు కణజాలంతో చేసిన వాల్వా అని. లోహం వాల్వ్ అయితే జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర, వార్ఫరిన్ వేసుకోవాలి. డయాలసిస్ వాళ్లకు రక్తస్రావం భయం, పైగా ఆ మాత్రతోనే కాల్షియం ఇంకా పేరుకోవచ్చని సర్జన్ గారు చెప్పారు. కణజాలం వాల్వ్ అయితే డయాలసిస్ వాళ్లలో తొందరగా గట్టిపడొచ్చు. మాకు రెండోదే వేశారు. కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది, ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఇక దక్కడనుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు మెషిన్ మీద బీపీ నిలబడుతోంది, పొలం దాకా నడిచి వస్తాడు.

అమ్మకు చెప్పు. దాచకు. ఇంట్లో వండేది ఆమె, ఉప్పు ఆమె చేతిలో ఉంది. నాకు మా ఆడబిడ్డ మూడు నెలలు ఆలస్యంగా చెప్పింది, ఆ మూడు నెలలు నేను ఆయనకు ఇష్టమని వారానికోసారి తలకాయ కూర వండి పెట్టాను.

పరకాల పిల్ల:

అందరికీ కాళ్లు మొక్కుతా. ఈ పోస్ట్ పెట్టేటప్పుడు ఎవరన్నా జవాబిస్తారా అనుకున్నా. బాపు సెషన్ల మధ్య నాలుగు కిలోల పైనే పెరుగుతున్నాడు, బరువు 62. అన్నట్టు ఎకో డయాలసిస్‌కు ముందు రోజు తీశారు. ఫిస్టులా ఉంది, క్యాథెటర్ లేదు.

డాక్టర్ గారూ, ఇంకొక్కటి. జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఉంది. వాల్వ్ ఇట్లా ఉందంటే కిడ్నీ మార్పిడి ఇక కుదరదా? తీసేస్తారా లిస్టులో నుంచి?

హన్మకొండ నెఫ్రాలజీ డాక్టర్:

కాల్షియం ఉందన్న ఒక్క కారణంతో తీసేయరు. సివియర్ అయితే ముందు వాల్వ్ సంగతి తేల్చుకోమంటారు, మోడరేట్‌లో గుండె బలం బాగుంటే ముందుకు పోవచ్చు. గుండె డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ తాజాగా ఉంచుకోవాలి, పిలుపు అర్ధరాత్రి వచ్చినా కాగితాలు వెతుక్కునే పని ఉండొద్దు. కిడ్నీ మార్చాక పేరుకున్న కాల్షియం పోదు, కానీ పెరిగే వేగం తగ్గే అవకాశం ఉంది, ఫాస్ఫరస్ బయటికి పోయే దారి మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి. ఇంట్లో ఎవరన్నా ఇవ్వగలిగితే అది ఇంకా తొందరగా అవుతుంది, ఆలోచించండి.

పరకాల పిల్ల:

ఈ రోజు కలిసి వచ్చాం. కాగితం మీద ప్రశ్నలు రాసుకొని పోయా, డాక్టర్ గారు కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పారు. కాల్షియం మాత్ర ఆపి సెవెలమర్ 800 రాశారు, మూడు పూటలా అన్నంతో. విటమిన్ డి ఇప్పటికి ఆపమన్నారు. డయాలసిస్ రోజు బీపీ మాత్ర సాయంత్రం వేయమన్నారు. మూడో సెషన్‌కు రాసిచ్చారు, ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు పెట్టాం, వచ్చే వారం నుంచి అన్నారు. ఎకో మళ్లీ తీసేది ఈసారి డయాలసిస్ మర్నాడే. అమ్మకు కూడా చెప్పాను. ఏడ్చింది, తర్వాత లేచి ఉప్పు డబ్బా తీసి పైన అటక మీద పెట్టింది.

ఒక చిన్న డౌట్. ఆ సెవెలమర్ మాత్ర చాలా పెద్దగా ఉంది, బాపు మింగలేకపోతున్నాడు. పొడి చేసి మజ్జిగలో కలిపి ఇవ్వొచ్చా?

కాజీపేట టెక్నీషియన్:

వద్దు చెల్లె, పొడి చేయొద్దు, నమలొద్దు. తడి తగిలితే ఉబ్బుతుంది, గొంతులో పట్టేస్తుంది. అన్నం మధ్యలో, ముద్ద మింగిన వెంటనే కొద్దిగా నీళ్లతో వేయమను, ఖాళీ నోటితో వేస్తే కష్టం. అట్లా కూడా కాకపోతే పొడి సాషే రూపంలో కూడా వస్తుంది, డాక్టర్‌తో అది రాయించుకోండి. మజ్జిగ నీళ్లు కూడా రోజు లెక్కలో కలుపుకోండి.